ఒక గుమ్మటం, ఆరు క్లిక్కులు

బమ్రోలిలో పొద్దు పొడిచిందని తెలిసేది షిఫ్టు మారినప్పుడే. రాత్రంతా సాంచాల మీద నిలబడ్డవాళ్లు కళ్లు నులుముకుంటూ బయటికొస్తారు, పగటి షిఫ్టువాళ్లు టీ గ్లాసు కిందపెట్టి లోపలికెళ్తారు. మధ్యలో మరమగ్గాల చప్పుడు మాత్రం ఆగదు. పాండేసరా, ఉధ్నాలను ఆనుకుని ఒకప్పుడు విడి ఊరుగా ఉన్న ఈ ప్రాంతం 2006లో నగర హద్దులు విస్తరించినప్పుడు సూరత్ నగరపాలక సంస్థలో కలిసింది. ఇప్పుడు నగరం మురుగునీటిని ఇక్కడే శుద్ధి చేసి పాండేసరా అద్దకం మిల్లులకు పంపిస్తున్నారు. పర్యాటకుల కోసం అచ్చేసిన సూరత్ మ్యాపుల్లో బమ్రోలి పేరు కోసం వెతకడం దండగ.

అయినా ఒక ప్రయాణానికి ఇది మంచి ఆరంభమే. ఈ నగరంలో తెలుగు కొత్త కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి చేనేత కుటుంబాలు బతుకుదెరువు వెతుక్కుంటూ తరాలుగా ఇక్కడికి వస్తూనే ఉన్నాయి. లింబాయత్ వైపు వెళ్తే దుకాణాల బోర్డుల మీద తెలుగు కనిపిస్తుంది, నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడిపింది. ఇక్కడ బతికే తెలుగువాడికి సూరత్ అంటే పడుగూ పేకా, కూలీ లెక్క, ఏడాదికోసారి నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ దాకా ప్రయాణం. నగరానికి ఆ చివర, కతార్‌గామ్ దర్వాజా దగ్గర, మూడున్నర శతాబ్దాల కిందటి ఇంగ్లిష్, డచ్చి, ఆర్మేనియన్ శ్మశానాలు ఉన్నాయన్న సంగతి సూరతీలకే పెద్దగా పట్టదు, ఇక వలస వచ్చినవాళ్ల మాట చెప్పేదేముంది?

కెమెరా ఉన్నవాడికి మాత్రం పట్టాలి. పాత క్రైస్తవ కట్టడాలను ఫొటో తీయడంలో ఉండే కష్టసుఖాలన్నీ ఒకేచోట నేర్పే స్థలం పశ్చిమ భారతంలో ఇంకోటి దొరకడం కష్టం.

బమ్రోలి నుంచి ఆటోలో ఉధ్నా దర్వాజా మీదుగా పాత నగరాన్ని దాటుకుంటూ వెళ్లాలి. ఒకప్పటి కోటగోడకు ఉండిన దర్వాజాల పేర్లు సిటీ బస్సుల స్టాపులుగా మిగిలాయి. కతార్‌గామ్ వైపు వజ్రాలకు సానపట్టే కార్ఖానాలు, అపార్టుమెంట్లు, తలకు తగిలేట్టు వేలాడే కరెంటు తీగలు. వాటి మధ్య పురావస్తు శాఖ నీలంరంగు బోర్డు. గేటు దాటగానే మొదటి చూపుకు అది మొఘల్ సర్దారుల సమాధుల తోటే అనిపిస్తుంది. గుమ్మటాలు, కమానులు, మూలల్లో బురుజుల్లాంటి స్తంభాలు. వాటికింద పడుకున్నవాళ్లు మాత్రం కెంట్ నుంచో లండన్ నుంచో వచ్చిన వర్తకులు.

వాటిలో అందరి కళ్లూ పడేది ఆక్సెండెన్ సోదరుల సమాధి. తమ్ముడు క్రిస్టఫర్ 1659లో చనిపోయాడు. అన్న సర్ జార్జ్ ఆక్సెండెన్ సూరత్‌లోని ఈస్టిండియా కంపెనీ ఫ్యాక్టరీకి అధ్యక్షుడు. 1664 జనవరిలో శివాజీ సూరత్‌ను దోచినప్పుడు ఫ్యాక్టరీ తలుపులు మూసుకుని ఎదురు నిలిచిన మనిషి. ఆ తర్వాత బొంబాయి కంపెనీ చేతికొచ్చినప్పుడు దానికీ ఆయనే గవర్నరయ్యాడు. 1669లో సూరత్‌లోనే కన్నుమూశాడు. తమ్ముడి సమాధి మీదుగానే అన్నకు రెండంతస్తుల కట్టడం లేపారు. ఎత్తు సుమారు 40 అడుగులు, అడ్డుకొలత పాతిక అడుగులు. ఒక గుమ్మటం మీద ఇంకో గుమ్మటం, చుట్టూ వసారాలు, పైకెక్కడానికి మెట్లు. తమ్ముడి సమాధి ఫలకంలో రాసిన మాటల్లో జమాఖర్చుల భాష దొర్లుతుంది. వర్తకుడికి పరలోకం కూడా లెక్క చూసుకునే చోటే మరి.

ఇక్కడో తమాషా ఉంది. ఆ రోజుల్లో సూరత్‌లో ఇంగ్లిష్‌వారికి విడిగా చర్చి లేదు. ఫ్యాక్టరీలోనే ఒక గదిలో ప్రార్థన చేసుకునేవారు. కంపెనీ మతాధికారి ఉండేవాడు, గంటస్తంభం ఉండేది కాదు. తపతి ఒడ్డున చర్చి వెలిసి, దాన్ని బిషప్ రెజినాల్డ్ హీబర్ ప్రతిష్ఠించింది 1825 ఏప్రిల్‌లో. అప్పటికి సూరత్ ప్రాభవం పోయింది, వ్యాపారమంతా బొంబాయికి తరలిపోయింది. అంటే బతికినన్నాళ్లు ప్రార్థనా మందిరం కట్టుకోనివాళ్లు చచ్చాక చర్చిలంత సమాధులు కట్టించుకున్నారు. స్థానికుల ముందు తమ హోదా చాటుకోవాలి. హోదా అంటే ఆ ఊళ్లో అందరికీ తెలిసిన గుర్తు గుమ్మటమే. అందుకే సిలువ చాలా చోట్ల వెతికితే తప్ప కనబడదు.

ఇప్పుడు ఆ గుమ్మటం కింద నిలబడి పైకి చూస్తే ఫొటోగ్రాఫర్ కష్టం అర్థమవుతుంది. బయట సూరత్ ఎండ సున్నపు గోడల మీద పడి కళ్లు జిగేల్మనిపిస్తుంది. లోపల గబ్బిలాల చీకటి. కంటికి ఇదేమీ సమస్య కాదు. కన్ను దృశ్యాన్నంతా ఒక్కసారిగా మింగదు. కమాను మీద వాలినప్పుడు కనుపాప ముడుచుకుంటుంది, మూలలోకి జరిగినప్పుడు విచ్చుకుంటుంది. ఆ ముక్కలన్నిటినీ మెదడు కుట్టేసి ఒకే బొమ్మగా చూపిస్తుంది. కెమెరాకు ఆ విద్య లేదు. దానికి ఒక క్లిక్కుకు ఒకే ఎక్స్‌పోజర్. కమాను బయటి చెట్టు కనబడేట్టు తీస్తే లోపలంతా బొగ్గు. లోపలి గచ్చు కనబడేట్టు తీస్తే బయట తెల్లకాగితం.

లెక్కలో చెప్పాలంటే, బయటి గోడకు 1/500 సెకను సరిపోతే అదే ద్వారం గుండా లోపలి మూలకు 2 సెకన్లు కావాల్సి రావచ్చు. అంటే వెయ్యిరెట్ల తేడా. వెలుగు రెట్టింపైన ప్రతిసారీ ఒక స్టాపు అంటారు ఫొటోగ్రాఫర్లు, ఆ లెక్కన పది స్టాపులు. ఆ రెండు చివర్ల అవతల కూడా ఎండలో మెరిసే సున్నం, గూళ్లలో ముద్దకట్టిన నీడ అంటూ ఇంకో రెండు మూడు స్టాపులు చొప్పున మిగులుతాయి. మంచి డిజిటల్ కెమెరా సెన్సర్ 14 స్టాపుల దాకా పడుతుందని కంపెనీలు చెప్పుకుంటాయి. నిజమే, కానీ అడుగున పట్టిన ఆ నీడల నిండా ఇసుక పోసినట్టు మరకలుంటాయి.

దీనికి మందు హెచ్‌డీఆర్. హై డైనమిక్ రేంజ్ అన్నమాట. కెమెరాను కదలకుండా నిలబెట్టి, 2 సెకన్లు, అరసెకను, 1/8, 1/30, 1/125, 1/500 ఇలా ఆరు క్లిక్కులు. ఒక్కో క్లిక్కుకు మధ్య రెండు స్టాపుల ఎడం. తర్వాత కంప్యూటర్లో ఆరింటినీ కలిపి, ఏ భాగం ఏ ఫొటోలో బాగా పడిందో అక్కడి నుంచే తీసుకుని ఒక ఫైలు తయారుచేస్తారు. వినడానికి సులువే.

ఈ ఆలోచన డిజిటల్ యుగంలో పుట్టిందేమీ కాదు. 1850లలోనే ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ గుస్తావ్ లె గ్రే సముద్రానికి ఒక నెగెటివ్, ఆకాశానికి ఒక నెగెటివ్ వాడి ఒకే ప్రింటు తీశాడు. మన స్టూడియోల్లో డార్క్‌రూమ్ ఉన్న రోజుల్లో అరచెయ్యి అడ్డంపెట్టి పెళ్లికూతురి మొహాన్ని తెల్లగా దించిన పాతతరం ఫొటోగ్రాఫర్లు చేసిందీ దాదాపు అదే పని. లెక్క కట్టి, శాస్త్రంగా మార్చింది మాత్రం 1997లో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ రాసిన పరిశోధన పత్రం. మాలిక్ కాన్పూర్ ఐఐటీలో చదివి కాలిఫోర్నియా వెళ్లినవాడు. ఆ పత్రంలో వాళ్లు ఉదాహరణగా ఎంచుకున్న దృశ్యమేమిటో ఊహించడం కష్టం కాదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని చర్చి లోపలి భాగం. రంగుటద్దాల కిటికీ వెనక సరిగ్గా సూర్యుడున్న వేళ, 30 సెకన్ల నుంచి 1/1000 సెకను దాకా 16 ఫొటోలు తీశారు. ఆ బొమ్మతోనే ప్రపంచమంతా హెచ్‌డీఆర్ నేర్చుకుంది. చర్చి లోపలి చీకటి, కిటికీ వెలుగు కలిసి కెమెరాకు పెట్టే పరీక్షకు మించింది మరోటి లేదని వాళ్లకూ తెలుసు.

2005లో ఫొటోషాప్‌లో ఈ సదుపాయం వచ్చింది. 2010 నుంచి ఫోన్లలోకి దిగింది. ఇప్పుడు సాధారణ ఫోను కూడా అడక్కుండానే వరసగా నాలుగైదు ఫ్రేములు తీసి కలిపేస్తుంది. బమ్రోలిలో సాంచా పక్కన నిలబడి తీసుకునే సెల్ఫీలో ట్యూబ్‌లైటూ మొహమూ రెండూ కనబడుతున్నాయంటే కారణం ఇదే. మరి ఇన్ని పాట్లెందుకు, ఫోనుతో కొట్టేస్తే పోదా? పోదు. ఫోను ఏం కలిపిందో, ఎక్కడ దిద్దిందో చెప్పదు. సమాధి ఫొటోకు ఆ లెక్క కావాలి. ఎందుకు కావాలో కాసేపట్లో తెలుస్తుంది.

ముందు కష్టాలు చూద్దాం. రక్షిత కట్టడాల్లో చేత్తో పట్టుకుని ఫొటో తీసుకోవచ్చు గానీ ట్రైపాడ్ నిలబెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి ముందే సంపాదించుకోవాలి. అది లేకుండా వెళ్తే కాపలాదారు దయ. అనుమతి దొరకనివాళ్లు గోడకు ఆనుకుని, ఊపిరి బిగబట్టి, మూడు క్లిక్కులతో సరిపెట్టుకుంటారు. అప్పుడు 2 సెకన్ల ఫ్రేము మాట మర్చిపోవాల్సిందే. ట్రైపాడ్ ఉన్నవాడికి వేరే బాధలు. ద్వారం ఎఫ్ 8 దగ్గర బిగించాలి, ఐఎస్ఓ 100 దాటకూడదు, రంగు సమతూకం ఆటోలో ఉండకూడదు, మార్చాల్సింది షటర్ వేగాన్ని మాత్రమే. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి మరిచినా ఆరు ఫ్రేములూ ఆరు రంగుల్లో వస్తాయి. బటన్ వేలితో నొక్కితే కెమెరా ఒణుకుతుంది కాబట్టి టైమర్ పెట్టాలి. ఆరు ఫ్రేముల మధ్యలో ఒక పావురం ఎగిరిందా, కలిపిన బొమ్మలో దయ్యంలా అరకొర పావురాలు తేలతాయి. గాలికి కదిలే వేపకొమ్మదీ అంతే. వీటిని ఘోస్టులనే అంటారు ఎడిటింగ్ భాషలో. శ్మశానంలో ఆ మాట కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

రుతువూ ముఖ్యమే. వానాకాలంలో సున్నం గోడలు నల్లగా పాచిపడతాయి. ఎండాకాలం మధ్యాహ్నం లోపలికీ బయటికీ మధ్య తేడా ఆరు క్లిక్కులకు కూడా లొంగదు. డిసెంబరు, జనవరి ఉదయాలు మంచివి. ఎండ వాలుగా వచ్చి కమానుల్లోంచి లోపలి గోడదాకా పాకుతుంది.

ఇంగ్లిష్ శ్మశానానికి దగ్గర్లోనే డచ్చివారిది. ఇక్కడి రాజు హెండ్రిక్ ఆడ్రియాన్ వాన్ రీడ్. మలబారులో డచ్చి అధికారిగా ఉండగా అక్కడి చెట్లూ చేమలన్నిటినీ గీయించి, వాటి మందుగుణాలు స్థానిక వైద్యులతో చెప్పించుకుని, 12 సంపుటాల హోర్టస్ మలబారికస్ తయారు చేయించినవాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1678లో మొదటి సంపుటం అచ్చయితే, చివరిది 1693లో వచ్చింది. అది చూడ్డానికి ఆయన లేడు. డచ్చి కంపెనీలో అవినీతిని విచారించే అధికారిగా కేంద్రాలన్నీ తిరుగుతూ, సూరత్ వస్తూ దారిలో, 1691 డిసెంబరులో ఓడలోనే ప్రాణం విడిచాడు. ఇక్కడ ఖననం చేశారు. ఆక్సెండెన్ సమాధిని తలదన్నాలనే డచ్చివారు ఇంత పెద్దది లేపారని సూరత్‌లో చాలాకాలంగా చెప్పుకుంటారు. లంచాలు పట్టుకోవడానికి వచ్చిన మనిషి సమాధికి కంపెనీ సొమ్ము ఇంత ధారపోయడం ఆయనకు నచ్చేదో లేదో.

రెండు గుమ్మటాలు, పైనా కిందా వసారాలు, పొడవాటి స్తంభాలు. ఒకప్పుడు దీని లోపలి గోడల నిండా రంగుల చిత్రాలు, వంశ చిహ్నాలు, బైబిల్ వాక్యాలు ఉండేవని, కిటికీలకు అందమైన చెక్క నగిషీ ఉండేదని 19వ శతాబ్దపు గెజిటీర్ నమోదు చేసింది. గెజిటీర్ రాసే నాటికే అది గతం. ఎవరైనా ఆ రోజుల్లో పక్కాగా గీసి ఉంటే ఇవాళ తెలిసేది. ఇప్పుడు చేయగలిగింది మిగిలినదాన్ని పట్టుకోవడమే.

సరిగ్గా ఇక్కడే హెచ్‌డీఆర్ పనికొస్తుంది, ఇక్కడే మోసమూ చేస్తుంది. గుమ్మటం లోపలి నీడలో కంటికి ఆనని గచ్చు తేడాలు, తడి చారలు, పాత మరమ్మతుల అతుకులు 2 సెకన్ల ఫ్రేములో స్పష్టంగా దిగుతాయి. చెమ్మ ఎక్కడి నుంచి దిగుతోందో కనిపెట్టాల్సిన ఇంజనీరుకు అది బంగారం. కానీ ఆరు ఫ్రేములు కలిపిన ఆ పెద్ద ఫైలును ఏ తెరా, ఏ కాగితమూ ఉన్నదున్నట్టు చూపలేదు. పత్రిక కాగితం మాట సరేసరి, దాని మీద నలుపు కూడా బూడిదరంగే. అందుకని ఆ విస్తారాన్ని తిరిగి నొక్కి, కుదించి, మామూలు బొమ్మగా మార్చాలి. దీన్ని టోన్ మ్యాపింగ్ అంటారు. హెచ్‌డీఆర్ బొమ్మ అని జనం చూసేదంతా నిజానికి ఈ కుదించిన బొమ్మే. ఎంత నొక్కాలి, ఎక్కడ నొక్కాలి అన్నది పూర్తిగా ఎడిట్ చేసేవాడి చేతిలో ఉంటుంది.

2000ల చివర్లో ఈ చేతివాటం ముదిరిపోయింది. ఏ చర్చి ఫొటో చూసినా ఆకాశం ఉప్పెన రాబోతున్నట్టు, గడ్డి ఆకుపచ్చ సిరా పోసినట్టు, గోపురం చుట్టూ దేవుళ్ల పటాల్లోలాగా తెల్లటి కాంతివలయం. ఆ వలయం మహిమేమీ కాదు, సాఫ్ట్‌వేర్ గోడనూ ఆకాశాన్నీ విడివిడిగా సర్దబోయి అంచు దగ్గర తడబడిన గుర్తు. ఆ మోజు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఇప్పటికీ క్లారిటీ అనే మీటను కుడివైపు లాగకుండా ఉండలేనివాళ్లున్నారు.

పాత కట్టడం విషయంలో ఆ మీట అందం గొడవతో ఆగదు. చిన్న చిన్న తేడాలను పెద్దవి చేసి చూపడమే దాని పని. వెంట్రుకవాసి పగులు దానితో బొటనవేలంత చీలికలా కనిపిస్తుంది. ఆ ఫొటో పేపర్లో పడితే 'కూలడానికి సిద్ధంగా ఉన్న చారిత్రక సమాధి' అంటారు. మీటను ఎడమవైపు లాగితే సరిగ్గా తలకిందులు. రాలిపోతున్న గచ్చు నున్నగా, నిన్ననే సున్నం కొట్టినట్టు కనిపిస్తుంది. బాగానే ఉంది కదా, మరమ్మతులెందుకని ఎవరో ఫైలు పక్కన పడేస్తారు. పదేళ్ల తర్వాత ఇంకొకరు అదే చోట నిలబడి ఫొటో తీసి, పగులు పెరిగిందా లేదా అని పోల్చాలనుకుంటే ఈ రెండూ పనికిరావు. పనికొచ్చేవి కలపకముందు తీసిన ఆ ఆరు ముడి ఫ్రేములే. అందుకే ఫోను చాలదనడం. బొమ్మ ఎంత బాగా వచ్చినా ఆ ఆరింటినీ తేదీతో, నిలబడ్డ చోటుతో సహా దాచనివాడు ఫొటో తీసినట్టే కాదు.

తీగల సంగతి కూడా ఇలాంటిదే. గుమ్మటానికి అడ్డంగా వెళ్లే కరెంటు తీగలు, వెనకున్న అపార్టుమెంటు బాల్కనీలో ఆరేసిన చీరలు ఎడిటింగులో నిమిషంలో మాయమవుతాయి. క్యాలెండరుకు అలాగే చేయొచ్చు. కానీ పాత శ్మశానం ఇళ్ల మధ్య ఇరుక్కుపోయిందన్నది కూడా దాని చరిత్రలో భాగమే. 2006 ఆగస్టులో తపతికి వచ్చిన వరద నగరంలో చాలా భాగాన్ని ముంచింది. ఆ నీటి గుర్తులు ఏ గోడల మీద ఎంత ఎత్తున మిగిలాయో ఇవాళ చెప్పగలిగేవి అప్పట్లో ఎవరూ శుభ్రం చేయని మామూలు ఫొటోలే.

ఇంకో భ్రమ కూడా ఉంది. అరిగిపోయిన శిలాఫలకాలను హెచ్‌డీఆర్ చదివి పెడుతుందని. పెట్టదు. అక్షరాలు చదవాలంటే కావాల్సింది పక్కనుంచి రాయిని ఒరుసుకుంటూ పడే వెలుగు, అంటే పొద్దుటి ఎండో, చేతిలో టార్చిలైటో. డచ్చి శ్మశానం పక్కన ఆర్మేనియన్ వర్తకుల పలకలున్నాయి. గుమ్మటాల్లేవు, గొప్పల్లేవు. నేలకు పరిచిన రాళ్లు, వాటి మీద ఎక్కడా కనబడని ఆ వింత లిపి. మధ్యాహ్నం చూస్తే ఉత్త బండలు. ఉదయం ఏడున్నరకు చూస్తే ప్రతి అక్షరానికీ ఒక నీడ. ఒక్క క్లిక్కు చాలు, ఆరు అనవసరం.

తపతి ఒడ్డున బిషప్ హీబర్ ప్రతిష్ఠించిన చర్చి సంగతి వేరు. హీబర్ ఉత్తరాది నుంచి దేశమంతా చుట్టి వస్తూ సూరత్‌లో ఆగాడు. ఆ మరుసటి ఏడాదే, 1826 ఏప్రిల్‌లో, తిరుచిరాపల్లిలో చనిపోయాడు. చిన్న చర్చి, వంద మందికి సరిపోయేది. కట్టినప్పుడే సూరత్‌లో అంతకుమించి ఇంగ్లిష్‌వారు మిగల్లేదు. ప్రార్థన జరిగే చోట కెమెరా పట్టుకున్నవాడి మర్యాద మారాలి. ఆదివారం వెళ్లకూడదు. ముందుగా అడగాలి, కాదంటే వెనక్కి రావాలి. మోకరిల్లినవాళ్లు 2 సెకన్ల ఫ్రేములో కదిలి పొగమంచులా పడతారు కాబట్టి సాఫ్ట్‌వేర్ వాళ్లను తుడిచేయాలని చూస్తుంది. ఖాళీ చర్చి అందంగానే ఉంటుంది. అయితే ఖాళీగా లేని చర్చిని ఖాళీగా చూపడం ఇంకో రకం అబద్ధం.

సూరత్‌లో ఈ విద్య నేర్చినవాడికి అసలు పరీక్ష సొంతూరికి వెళ్లినప్పుడు ఎదురవుతుంది. తెలుగునాట హెచ్‌డీఆర్‌కు పెట్టింది పేరులాంటి కట్టడం మెదక్ కెథడ్రల్. కరువుకాలంలో ఆకలిగొన్న జనానికి పని చూపించి, కూలీకి తిండి పెట్టి చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన ఈ చర్చికి 1914లో పని మొదలై 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. 2024 డిసెంబరుకు నూరేళ్లు నిండాయి. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. సూరత్ సమాధుల్లో కెమెరాకు ఎదురయ్యేది ఉత్త ఆకాశం, మెదక్‌లో ఎదురయ్యేవి ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపుదిద్దిన మూడు రంగుటద్దాల కిటికీలు. ఆరోహణ దృశ్యం 1927 నాటిది, క్రీస్తు జననం 1947ది, సిలువ దృశ్యం 1958ది. తూర్పు వైపున్న సిలువకు పొద్దున్నే వెలుగు, పడమటి జననానికి సాయంత్రం. పొద్దుగుంకితే లోపలున్నవాళ్లకు రెండూ నల్లటి పలకలే.

ఇక్కడ ఎడిటింగులో చేసే తప్పు వేరు. కిటికీని లొంగదీయడానికి వెలుగు తగ్గిస్తూ పోతే నీలం ముదిరి ఊదాగా, ఎరుపు గడ్డకట్టిన నెత్తురులా మారతాయి. అద్దం అద్దంలా కాక పెయింటులా కనిపిస్తుంది. చర్చి లోపలి నీడనంతా ఎత్తి చూపిస్తే మధ్యాహ్నపు హాలులా తయారవుతుంది. అన్ని వివరాలూ ఉంటాయి, చర్చి మాత్రం ఉండదు. తెలిసినవాళ్లు కిటికీ కోసం రెండు మూడు ఫ్రేములు ఎక్కువ తీసి, కలిపేటప్పుడు పైకప్పు మూలల్ని చీకట్లోనే వదిలేస్తారు. కంటికి కనబడనిదాన్ని ఫొటోలో చూపాలన్న నియమమేమీ లేదు. అనుమతి మాట ఇక్కడా అంతే, లోపల కెమెరా తీయబోయే ముందు అడగాలి.

సూరత్ సమాధులకు తెలుగునాట సిసలైన జోడు మాత్రం మెదక్ కాదు, బందరు. మచిలీపట్నంలో ఇంగ్లిష్ ఓడ దిగింది 1611లో, డచ్చివారు అంతకు ముందే వచ్చారు. ఇద్దరూ వచ్చింది బట్ట కోసమే. తెలుగు నేతగాడు నేసిన గుడ్డ, కలంకారీ అద్దకం ఆ ఓడల్లో దేశాలు తిరిగాయి. అక్కడ కూడా వంశ చిహ్నాలు చెక్కిన పలకలతో డచ్చి శ్మశానం ఉంది, దానికీ పురావస్తు శాఖ రక్షణ ఉంది. 1864 తుపాను బందరును ఊడ్చిపెట్టుకుపోయినప్పుడు సుమారు 30 వేల మంది చనిపోయారు, రేవు మళ్లీ కోలుకోలేదు. ఇప్పుడు తెలుగు నేతగాడే బట్ట నేయడానికి సూరత్ వస్తున్నాడు. ఇక్కడ తయారైన పాలియెస్టర్ చీర సికింద్రాబాద్ దుకాణాలకు, సిరిసిల్ల సంతకు వెళ్తోంది. కతార్‌గామ్‌లో గుమ్మటాల కింద పడుకున్న వర్తకులకు ఈ లెక్క చెప్తే ఎటు జమ రాసుకునేవారో!

సాయంత్రం నాలుగున్నర దాటితే ఆక్సెండెన్ సమాధి పడమటి కమానులోంచి ఎండ లోపలికి వచ్చి, పై అంతస్తు మెట్ల దాకా ఎక్కుతుంది. ఆ పది నిమిషాల్లో లోపలికీ బయటికీ తేడా తగ్గి, ఆరు క్లిక్కుల పని మూడింటితో అయిపోతుంది. తర్వాత కాపలాదారు గేటు దగ్గర తాళం గలగలలాడిస్తాడు. ఉధ్నా దర్వాజా దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుని ఆటో బమ్రోలి చేరేసరికి రాత్రి షిఫ్టు మొదలైపోతుంది. సాంచాలు ఆడుతుంటే పక్కింటి గోడా, బల్లా, దాని మీది కంప్యూటరూ సన్నగా అదురుతుంటాయి. ఫ్రేములు కలపడానికి కంప్యూటరుకు కాసేపు పడుతుంది. ఆ లోపు కాగితం మీద తేదీ, గంట, ట్రైపాడ్ పెట్టిన చోటు రాసుకోవాలి. తూర్పు ద్వారం నుంచి ఏడు అడుగులు, కెమెరా ఎత్తు నాలుగున్నర.